పార్సిల్‌లో తెప్పించే స్ట్రాబెర్రీ మొక్కలు: ఆర్డరు నుంచి నాటే వరకు జాగ్రత్తలు

"సార్, మొక్కలొచ్చాయి. పెట్టెలో చెయ్యి పెడితే వేడిగా తగులుతోంది. ఏం చేయమంటారు?"

రెండేళ్ల క్రితం అక్టోబరులో ఒక రైతు సాయంత్రం పూట చేసిన ఫోన్ ఇది. అర ఎకరానికి పది వేల మొక్కలు తెప్పించాడు. పండుగ సెలవుల్లో పెట్టెలు దారిలో గోడౌనులో ఆగిపోయి ఐదో రోజున ఊరు చేరాయి. డబ్బు మొత్తం ముందే కట్టేశాడు. చేనులో బెడ్లు సగమే తయారయ్యాయి. మిగతా సగం చేసుకుంటూ నాలుగు రోజులపాటు నాటాడు. పదిహేను రోజులకు లెక్కపెడితే బతికినవి నాలుగు వేలు. నర్సరీ వాళ్లను అడిగితే, పెట్టె తెరిచిన రోజే ఫొటోలు పంపాల్సింది కదా అన్నారు. ఆ మాటలో తప్పేమీ లేదు, కానీ ఆర్డరు తీసుకునేటప్పుడు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

స్ట్రాబెర్రీ పెట్టుబడిలో పెద్ద భాగం మొదటి రోజే మొక్కల రూపంలో పోతుంది. మొక్క పది రూపాయలనుకున్నా ఎకరాకు రెండు లక్షలు దాటుతుంది. వరి నారు పోతే మళ్లీ పోసుకోవచ్చు. స్ట్రాబెర్రీలో మొక్కలు పోయి, మళ్లీ తెప్పించేలోగా చలి రోజులు గడిచిపోతాయి. అందుకే పంట సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు మొక్కల సంగతి చూద్దాం.

మొక్కలు ఎక్కడివి?

మన దేశంలో స్ట్రాబెర్రీ పంటకూ మొక్కల తయారీకీ మహారాష్ట్రలోని సతారా జిల్లా, మహాబలేశ్వర్, పంచగని, వాయి ప్రాంతాలు పేరుపొందాయి. అక్కడి నర్సరీలు విదేశాల నుంచి తల్లి మొక్కలను వేసవిలో తెప్పించుకుంటాయి. వర్షాకాలం అంతా పాలీహౌసుల్లో వాటి నుంచి తీగలు సాగుతాయి. ఆ తీగల కణుపుల దగ్గర పుట్టే పిలకలను చిన్న సంచుల్లో గానీ ట్రేల్లో గానీ వేళ్లూరనిచ్చి సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అమ్ముతారు. చింతపల్లి, లంబసింగి, అరకు ప్రాంతాల వారికీ, జహీరాబాద్, వికారాబాద్ వైపు ప్రయత్నిస్తున్న వారికీ వచ్చేవి చాలావరకు ఈ మొక్కలే.

వింటర్ డాన్, స్వీట్ చార్లీ రకాలు అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయం నుంచి వచ్చినవి. చాండ్లర్, కామరోసా కాలిఫోర్నియావి. త్వరగా కాపుకొచ్చే మొదటి రెండూ మనలాంటి చిన్న చలికాలానికి అనువుగా ఉంటాయి. ఈ రకాలన్నీ పగలు తగ్గి, వాతావరణం చల్లబడినప్పుడే పూత పూస్తాయి. పగలు 20 నుంచి 26 డిగ్రీలు, రాత్రి 10 నుంచి 15 డిగ్రీలు ఉంటే మంచి కాపు వస్తుంది. మార్చిలో ఎండ ముదిరితే కాయ చిన్నదై కాపు ఆగిపోతుంది. మైదాన ప్రాంతంలో మనకు దొరికేది మూడు, మూడున్నర నెలల కాపు మాత్రమేనని ముందే లెక్కలో వేసుకోండి.

ఇక ఫోన్లలో కనిపించే ప్రకటనల గురించి ఒక మాట. స్ట్రాబెర్రీ విత్తనాల పొట్లాలు అమ్ముతారు. పొలానికి వాటిని కొనకండి. ఈ రకాలన్నీ సంకర రకాలు. విత్తనం నుంచి వచ్చే మొక్క తల్లిని పోలి ఉండదు, ఒక్కో మొక్క ఒక్కో రకంగా వస్తుంది. పైగా మొలకెత్తి కాపుకు రావడానికి నెలలు పడుతుంది. నీలం రంగు స్ట్రాబెర్రీ అని బొమ్మ వేసి అమ్మేవాళ్లూ ఉన్నారు. అలాంటి రకమే లేదు, అది రంగు మార్చిన ఫొటో. టిష్యూకల్చర్ మొక్కలు రోగం లేనివే గానీ వాటిని తల్లి మొక్కలుగా వాడతారు. నేరుగా పండు కోసం నాటితే తీగలు ఎక్కువ, కాయలు తక్కువ.

విదేశీ వెబ్‌సైట్ల నుంచి మొక్కలు గానీ విత్తనాలు గానీ సొంతంగా తెప్పించవద్దు. దిగుమతి అనుమతి, ఆ దేశం ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా మొక్కలు తెప్పించడం 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వుల ప్రకారం చెల్లదు. అడగకుండానే విత్తనాల పొట్లాలు పోస్టులో వస్తున్నాయని 2020 ఆగస్టులో కేంద్ర వ్యవసాయ శాఖ హెచ్చరించింది కూడా. అలాంటిది ఏదైనా ఇంటికి వస్తే నాటకుండా మండల వ్యవసాయ అధికారికి అప్పగించండి.

ఆర్డరు పెట్టే ముందు

మొదట నీటి పరీక్ష చేయించండి. చాలామంది మొక్కలు వచ్చాక నీటి గురించి అడుగుతారు. ఉప్పును ఏమాత్రం ఓర్చుకోలేని పంటల్లో స్ట్రాబెర్రీ ఒకటి. బోరు నీటి ఇ.సి. 0.7 లోపు ఉంటే నిశ్చింత. ఒకటి దాటితే ఆకు అంచులు మాడడం మొదలవుతుంది, ఎంత మంచి మొక్క తెచ్చినా లాభం ఉండదు. నేల ఉదజని సూచిక 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి. జహీరాబాద్ వైపు ఎర్ర నేలలు, మన్యంలోని ఎర్ర గరప నేలలు పనికొస్తాయి. సున్నం ఎక్కువగా ఉన్న నల్లరేగడిలో ఆకులు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. అది ఇనుము లోపం. మందులతో దాన్ని వెంబడించడం కంటే ఆ నేలలో వేయకపోవడం మేలు. గత రెండు మూడేళ్లలో టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప వేసిన చోటు కూడా వద్దు. వాటికి వచ్చే వడలు తెగులే దీనికీ వస్తుంది.

మొదటిసారి వేసే వాళ్లు ఎకరం జోలికి పోవద్దని నా సలహా. నాలుగు అడుగులకు ఒక బెడ్డు, బెడ్డు మీద రెండు వరుసలు, మొక్కకూ మొక్కకూ అడుగు దూరం అనుకుంటే ఎకరాకు సుమారు 21,700 మొక్కలు పడతాయి. సెంటుకు 218, గుంటకు 544. మొదటి ఏడాది అయిదు సెంట్లు, అంటే రెండు గుంటలు వేస్తే 1,100 మొక్కలు చాలు. నష్టం వచ్చినా తట్టుకోగలిగినంతే. అంతకంటే ముఖ్యంగా, అన్ని మొక్కలను ఒక్క సాయంత్రంలో నాటేయొచ్చు. నూటికి అయిదు చొప్పున అదనంగా తెప్పించుకుంటే పోయిన చోట నింపుకోవచ్చు.

జూన్, జులైలోనే నర్సరీతో మాట్లాడి బుక్ చేసుకోండి. సీజను నడుమ అడిగితే అందరూ వద్దని వదిలేసినవి మీకు వస్తాయి. మాట్లాడేటప్పుడు ఇవి తేల్చుకోండి: రకం పేరు బిల్లు మీద రాస్తారా? ట్రే మొక్కా, సంచి మొక్కా, మట్టి లేని వేరు మొక్కా? ఏ రోజు బయలుదేరుతుంది, ఏ బండిలో? దారిలో పోతే ఎవరు భరిస్తారు, ఎన్ని గంటల్లోగా చెప్పాలి? నర్సరీకి ఉద్యాన శాఖ లైసెన్సు ఉందా, జాతీయ ఉద్యాన బోర్డు గుర్తింపు ఉందా అని అడగడానికి మొహమాటపడకండి. ఫోనులో ఒప్పుకున్నదంతా వాట్సాప్‌లో రాసి పంపమనండి. మొత్తం డబ్బు ముందుగా అడిగే వాళ్ల దగ్గర, అడ్రసు లేకుండా ఫోన్ నంబరు ఒక్కటే ఉన్న వాళ్ల దగ్గర ఆగి ఆలోచించండి. వీలైతే నలుగురు రైతులు కలిసి ఒకరిని పంపి నర్సరీ చూసి రమ్మనండి. లక్షల సరుకుకు అయ్యే బస్సు చార్జీలు పెద్ద ఖర్చు కాదు.

బయలుదేరే తేదీ మీరే నిర్ణయించాలి. మైదానంలో అక్టోబరు రెండో పక్షం నుంచి నవంబరు మొదటి వారం వరకు, మన్యంలో సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు లోపు నాటుకోవచ్చు. తొందరపడితే ఎండకు మాడిపోతాయి. డిసెంబరుకు జరిగితే కాపు కాలం సగమవుతుంది. కోస్తాకు, మన్యానికి ఇంకో చిక్కు ఉంది. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. హుద్‌హుద్ విశాఖ తీరాన్ని తాకింది 2014 అక్టోబరు 12నే. వాతావరణ శాఖ బంగాళాఖాతంలో వాయుగుండం అని చెప్పిందంటే పార్సిలు నాలుగు రోజులు ఆపమనండి. మొక్క మీ చేనులో నీళ్లలో నిలబడటం కంటే నర్సరీ నీడలో ఉండటం మంచిది. అలాగే పండుగలు, వరుస సెలవులు చూసుకుని తేదీ చెప్పండి. మొక్క పెట్టెలో గడిపే సమయం 48 గంటలు దాటకుండా చూసుకోవాలి. లంబసింగి దాకా రావాలంటే మధ్యలో బండి మారక తప్పదు కాబట్టి, మారే చోట మనిషిని పెట్టుకోండి.

బెడ్లు, డ్రిప్పు, మల్చింగ్ షీటు అన్నీ పూర్తయ్యాకే "పంపండి" అని చెప్పాలి. మొదట చెప్పిన రైతు మోసపోయింది ఇక్కడే. పెట్టెలు ఆలస్యమైనందుకు పోయిన మొక్కల కంటే, బెడ్లు లేక నాలుగు రోజులు ఎదురుచూసి పోయినవే ఎక్కువని నా అంచనా.

పెట్టె వచ్చిన రోజు

పెట్టెలు దింపిన వెంటనే నీడకు చేర్చండి. రేకుల షెడ్డు కింద కాదు, చెట్టు నీడ గానీ పెంకుటిల్లు వసారా గానీ మంచిది. తెరిచేటప్పుడు ఫోనులో వీడియో తీయండి, పెట్టె మీది చిరునామా చీటీ కనపడాలి. ప్రతి పెట్టెలో పై వరుసే కాదు, అడుగున, మధ్యలో ఉన్నవీ చూడాలి. వేడి ఎప్పుడూ మధ్యలోనే పుడుతుంది. పులిసిన వాసన వస్తే లోపల కుళ్లు మొదలైనట్టే.

ఆకు వాడినంత మాత్రాన భయపడకండి. నీళ్లు చల్లి నీడలో పెడితే రాత్రికి తేరుకుంటుంది. చూడాల్సింది మొవ్వు, వేరు. మొవ్వు అంటే వేళ్లకూ ఆకు కాడలకూ మధ్య ఉండే పొట్టి కాండం. మొక్క ప్రాణమంతా అక్కడే ఉంటుంది. పెన్సిలంత లావున్నా, వేలితో నొక్కితే గట్టిగా ఉన్నా మంచి మొక్క. వేళ్లు తెల్లగా గానీ లేత గోధుమ రంగులో గానీ ఉండాలి. నల్లబడి, లాగితే పైపొర ఊడి వచ్చి దారంలా మిగిలితే అది చచ్చిన వేరు.

ప్రతి పెట్టె నుంచి నాలుగైదు మొక్కలు తీసి మొవ్వును నిలువుగా బ్లేడుతో చీల్చండి. మొక్కలు వృథా అని బాధపడకండి. లోపల తెల్లగా, మీగడ రంగులో ఉంటే నాటుకోవచ్చు. ఎర్రటి గోధుమ రంగు మచ్చలు, చారలు కనిపిస్తే అది ఆంత్రాక్నోస్ గానీ ఫైటోఫ్తోరా మొవ్వు కుళ్లు గానీ అయి ఉంటుంది. అలాంటివి ఒకటి రెండు దొరికినా ఆ పెట్టెను పక్కన పెట్టి, చీల్చిన మొక్కలను ఫొటో తీసి ఆ గంటలోనే నర్సరీకి పంపండి. దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికీ చూపించండి. డబ్బు పోతుందన్న బాధతో ఆ మొక్కలను నాటితే ఆ తెగులు మీ మట్టిలో స్థిరపడుతుంది. అప్పుడు వచ్చే ఏడాది నష్టం కూడా ఈ ఏడాదే కొనుక్కున్నట్టు. ఆకు కింద నుంచి చూస్తే నీటిలో తడిసినట్టు కోణాల మచ్చలుంటే అది బ్యాక్టీరియా మచ్చ తెగులు, దాన్ని కూడా చేనులోకి రానివ్వకూడదు.

అదే సాయంత్రం నాటలేకపోతే, ట్రే, సంచి మొక్కలను పెట్టెల నుంచి తీసి నిలువుగా పేర్చి పలచగా నీళ్లు చల్లండి. వేరు మొక్కలైతే కట్టలు విప్పి నీడలో తడి ఇసుకలో వేళ్లు కప్పి ఉంచండి, మొవ్వు పైకే ఉండాలి. ఒకటి రెండు రోజులకు మించి ఇలా ఉంచొద్దు. బకెట్లో రాత్రంతా నానబెట్టడం మాత్రం చేయకండి. గాలి అందక వేళ్లు చచ్చిపోతాయి. నాటే ముందు ఇరవై, ముప్పై నిమిషాలు తడిస్తే చాలు.

శుద్ధి విషయంలో ఒక పొరపాటు తరచూ చూస్తున్నాను. లీటరు నీటికి ఒక గ్రాము కార్బెండజిమ్ కలిపి వేళ్లు ముంచడం మామూలే. అయితే వేల మొక్కలను ఒకే ద్రావణంలో ముంచితే ఒక రోగపు మొక్క నుంచి అన్నింటికీ అంటుతుంది. కొన్ని వందల మొక్కలకు ఒకసారి ద్రావణం మార్చండి, చేతులకు గ్లౌజులు వేసుకోండి. ట్రైకోడెర్మా వాడదలచుకుంటే కార్బెండజిమ్ వాడకండి, అది ట్రైకోడెర్మాను చంపేస్తుంది. ఏదో ఒకటే ఎంచుకోండి. నేనైతే ట్రైకోడెర్మాను నెల ముందే బాగా చివికిన పశువుల ఎరువులో వృద్ధి చేసి బెడ్డులో కలపమంటాను. పచ్చి పేడ వేస్తే వేడికి, ఉప్పుకు లేత వేళ్లు మాడతాయి, వేరు పురుగు కూడా చేరుతుంది.

నాటడం

బెడ్డు అడుగు ఎత్తు, పైన రెండు, రెండున్నర అడుగుల వెడల్పు ఉండాలి. వెండి రంగు పైకి ఉండేలా 25 నుంచి 30 మైక్రాన్ల షీటు, దాని కింద డ్రిప్పు. షీటు పరిచే ముందు బెడ్డు పూర్తిగా తడవాలి. మూడు అంగుళాల రంధ్రాలు రెండు వరుసల్లో ఎదురెదురు కాకుండా, ఒకదాని సందులో ఒకటి వచ్చేట్టు చేయండి.

సాయంత్రం నాలుగు దాటాక మొదలుపెట్టండి. కూలీలు అలవాటుగా వంగ నారు నాటినట్టు కాండం లోతుకు దించేస్తారు. స్ట్రాబెర్రీని అలా నాటితే మొవ్వులోకి మట్టి చేరి వారంలో కుళ్లుతుంది. పైపైన పెడితే వేళ్ల మొదలు బయటపడి ఎండుతుంది. మొవ్వు సగం మట్టిలో, సగం పైన ఉండాలి. కొత్త ఆకు పుట్టే చోటు మట్టికి పైనే కనపడాలి. మొదటి ఇరవై మొక్కలు మీరే నాటి, నీళ్లు పెట్టి, మట్టి సర్దుకున్నాక మొవ్వు ఎక్కడుందో కూలీలకు చూపించండి. నోటితో చెప్పేదానికంటే ఇది బాగా పనిచేస్తుంది.

వేరు మొక్కలకు పాత ఆకులు తీసి ఒకటి రెండు లేత ఆకులు ఉంచండి. వేళ్లు చాలా పొడవుంటే నాలుగు, అయిదు అంగుళాలకు కత్తిరించి నిలువుగా గుంటలోకి వదలాలి. వేలితో నెట్టి వేళ్ల కొసలు పైకి మడిచి నాటిన మొక్క బతికినా సరిగా పెరగదు. ట్రే మొక్కలకు వేరే ఇబ్బంది ఉంది. వాటి వేళ్ల చుట్టూ ఉండే కోకోపీట్ చుట్టుపక్కల మట్టి కంటే త్వరగా ఆరిపోతుంది. మట్టి తడిగానే ఉంది కదా అని రైతు నీళ్లు ఆపుతాడు, మొక్క మాత్రం ఎండిన ముద్దలో కూర్చుని ఉంటుంది. డ్రిప్పు చుక్క మొక్క మొదలుకు దగ్గరలో పడేట్టు చూడండి. కోకోపీట్ ముద్ద పైభాగం మీద పలచగా మట్టి కప్పండి. రెండు రోజులకోసారి ఒక మొక్క పక్కన వేలు పెట్టి చూడండి.

మొదటి వారం డ్రిప్పు ఒక్కటే చాలదు. వేరు ఊరే వరకు ఆకు తడపాలి. ఎండ పొద్దున పదింటి నుంచి మధ్యాహ్నం మూడింటి వరకు మూడు నాలుగు సార్లు చిన్న స్ప్రింక్లరుతో గానీ రోజ్ క్యాన్‌తో గానీ పలచగా చల్లండి. ట్రే మొక్కలకు నాలుగైదు రోజులు, వేరు మొక్కలకు ఎనిమిది, పది రోజులు. సాయంత్రం చల్లవద్దు. రాత్రంతా ఆకు తడిగా ఉంటే తెగుళ్లను పిలిచినట్టే. కొత్త ఆకు విచ్చుకోవడం కనిపించాక చల్లడం ఆపేసి డ్రిప్పులో 19:19:19 కొద్దికొద్దిగా మొదలుపెట్టొచ్చు. అంతకు ముందు ఏ ఎరువూ వద్దు, ముఖ్యంగా యూరియా.

మూడు వారాల్లో కొన్ని మొక్కలకు పూత వస్తుంది. మొక్క అయిదారు ఆకులతో బలంగా ఉంటే వదిలేయండి. రెండు మూడు ఆకులే ఉంటే ఆ మొదటి పూగుత్తిని గిల్లేయండి. వచ్చే తీగలను మాత్రం ఎప్పటికప్పుడు కత్తిరించాల్సిందే. పూత నుంచి పండు కావడానికి దాదాపు నెల పడుతుంది. ఈ సమయంలోనే ఆకు అడుగున ఎర్రనల్లి వస్తుంది. చాలాసార్లు అది మొక్కలతోపాటే వస్తుంది కాబట్టి భూతద్దంతో వారానికోసారి చూడండి.

మొక్కలు దెబ్బతిని వచ్చి, అమ్మినవారు పట్టించుకోకపోతే బిల్లు, వీడియో, వాట్సాప్ మాటలు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లొచ్చు. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని ఆంధ్రప్రదేశ్ రైతుల కేసుల్లోనే 2012లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మొక్కలు ఎలా ఉన్నాయో ఉద్యాన అధికారి చేత రాయించుకున్న తనిఖీ నివేదిక ఉంటే కేసుకు బలం. అయితే ఆ తనిఖీకి మొక్కలు వచ్చిన రెండు మూడు రోజుల్లోనే పిలవండి. ఎండిపోయాక చూసి, అవి దారిలో పోయాయో చేనులో పోయాయో మేం కూడా చెప్పలేం.